పుట్టిన సంవత్సరం పదో తరగతి మెమోతో తేలుతుందా?

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి):
మన జిల్లాకు చెందిన ఒక సినీ నటుడి వికీపీడియా వ్యాసంలో పుట్టిన సంవత్సరాన్ని, ఆయన బంధువు పంపిన పదో తరగతి మెమో ఫొటో ఆధారంగా సరిదిద్దితే, గంటలోపే మరొకరు ఏదో వెబ్‌సైటు లంకె పెట్టి పాత సంవత్సరాన్నే తిరిగి చేర్చారు. ఎర్ర సిరాతో సున్నా చుట్టిన తేదీ కళ్లెదుట ఉండగా అది ఎందుకు చెల్లదో పెద్దలు చెప్పగలరు.

జవాబు (సూర్యాపేట నుంచి):
మెమో అసలైనదే కావచ్చు. అయినా ప్రచురితం కాని పత్రాన్ని పాఠకుడు సరిచూసుకోలేడు, పైగా బతికి ఉన్న మనిషి సొంత పత్రాన్ని మనం బయటపెట్టడం తగదు. 2005లో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్ గురించి ఎవరో రాసిన అబద్ధం నాలుగు నెలలు అలాగే ఉండిపోయాకే ఆంగ్ల వికీపీడియాలో ఈ నియమాలు బిగిశాయి. అవతలివారి లంకెనూ తెరిచి చూడండి అన్నా: ఆ వెబ్‌సైటు వికీపీడియా నుంచే వాక్యాలు ఎత్తి రాసుకుని ఉంటే, మన తప్పే మనకు సాక్ష్యమై తిరిగొచ్చినట్టు.

జవాబు (నల్లగొండ నుంచి):
నేను చూసిన తగాదాలు ఎక్కువగా పుట్టిన ఊరి మీదే. 2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి జిల్లాలు విడిపోయాయి కనుక, అంతకు ముందు పుట్టినవారికి "అప్పటి నల్లగొండ, ఇప్పటి సూర్యాపేట జిల్లా" అని రాస్తే పాత పత్రికా, కొత్త పత్రికా రెండూ నిలబడతాయి. సంవత్సరానికి అలాంటి వెసులుబాటు లేదు. నమ్మదగిన మూలం దొరికేదాకా ఆ గడి ఖాళీగా ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
లంకె తెరిచాను. మన వ్యాసంలోని అచ్చుతప్పు కూడా అక్కడ అలాగే ఉంది! రెండు సంవత్సరాలూ తీసేసి, కారణం చర్చా పేజీలో రాశాను.