బేస్ వాయిస్తుంటే ఎడమ మణికట్టు లాగేస్తోంది, గిటార్ మార్చాలా?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్తే. మా చర్చి క్వయర్‌లో ఏడాదిన్నరగా బేస్ గిటార్ వాయిస్తున్నాను, అంతకుముందు మామూలు గిటార్ వాయించేవాణ్ణి. నా దగ్గర ఉన్నది నాలుగు తీగలది, ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ మోడల్‌కి కాపీ, చెన్నైలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొదటి రెండు పాటలు బాగానే వెళ్తాయి. మూడో పాటకి ఎడమ మణికట్టు లాగడం మొదలవుతుంది, చిటికెన వేలు ఇక మాట వినదు. ఆరాధన అయ్యాక బండి క్లచ్ నొక్కాలన్నా నొప్పిగానే ఉంటుంది. తిమ్మిరి మాత్రం లేదు. మా కీబోర్డ్ తమ్ముడేమో ఎలాగూ మారుస్తున్నావు కదా, అయిదు తీగలది కొనెయ్ అంటున్నాడు. ఇంకొకాయన నీ చెయ్యి చిన్నది, తీగ పొడవు తక్కువుండే షార్ట్ స్కేల్ బేస్ తీసుకో అన్నాడు. క్రిస్మస్ లోపల ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఇంకోటి, ఆంప్ ఆన్ చేయగానే గుయ్‌మని ఒకటే శబ్దం, పాస్టర్ గారు ప్రార్థన చేసేటప్పుడు వాల్యూమ్ సున్నాకి తిప్పేసి కూర్చుంటున్నాను. దేనివల్ల?

జవాబు (ఒంగోలు నుంచి)

తమ్ముడూ, ఇప్పుడే ఏమీ కొనొద్దు. ఇరవై ఏళ్లుగా చర్చిల్లోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ వాయిస్తున్నాను, ఇలా చెయ్యి నొప్పి అని వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి గిటార్ సెట్ చేసుకోక వచ్చిన నొప్పే. ముందు ఒక మాట: ఎప్పుడైనా తిమ్మిరి గానీ రాత్రిపూట సూదులు గుచ్చినట్టు గానీ అనిపిస్తే ఇక్కడ అడగొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లు.

నువ్వు గిటార్ నుంచి వచ్చావన్నావు చూడు, నాకు అక్కడే అనుమానం. గిటార్ మీద ఒక ఫ్రెట్‌కి (మెడ, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీకి) ఒక వేలు పెట్టే అలవాటు అలాగే బేస్ మీదకి తెచ్చుంటావు. నీ బేస్ స్కేల్ 34 అంగుళాలు, అంటే నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా తీగ మోగే పొడవు అంత. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ కొలత అది, 1960లో వచ్చిన జాజ్ బేస్‌దీ అదే, ఇప్పటికీ చాలా బేస్‌లు దాన్నే పట్టుకుని ఉన్నాయి. ఆ లెక్కన ఒకటో ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా దూరం 13 సెంటీమీటర్లు. అదే అయిదు నుంచి ఎనిమిది దాకా అయితే 10.3 మాత్రమే. నువ్వు ఎఫ్, జి స్వరాల చుట్టూ గంటసేపు వేళ్లు 13 సెంటీమీటర్లు చాపి ఉంచితే ఏ చెయ్యైనా లాగుతుంది, చిన్న చెయ్యి పెద్ద చెయ్యి అని లేదు.

డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) వాళ్లు ఈ బాధ ఎప్పుడో తీర్చుకున్నారు. ఫ్రాంజ్ సిమాండల్ అని వియన్నాలో ఒక గురువు, 19వ శతాబ్దం మనిషి, ఆయన పద్ధతిలో కింది పొజిషన్లలో చూపుడు వేలు, మధ్య వేలు, తర్వాత ఉంగరం వేలూ చిటికెన వేలూ కలిపి ఒకే వేలుగా వాడతారు. అంటే నాలుగు వేళ్లకి మూడు ఫ్రెట్లే. నాలుగో ఫ్రెట్ కావాలంటే చెయ్యి మొత్తం జరుపుతారు తప్ప వేలు చాపరు. చిటికెన వేలికి పక్క వేలు తోడుంటుంది కాబట్టి ఒంటరిగా నొక్కాల్సిన పని లేదు. అయిదో ఫ్రెట్ దాటాక నీ ఇష్టం, వేలికొక ఫ్రెట్ పెట్టుకో. మొదటి వారం తికమకగా ఉంటుంది, జరిపేటప్పుడు తప్పు స్వరాలు పడతాయి, నెమ్మదైన కీర్తనలతో మొదలుపెట్టు.

రెండోది బొటనవేలు. ఇంట్లో ఒకసారి ఇలా చేసి చూడు: బొటనవేలు నెక్ వెనక నుంచి పూర్తిగా తీసెయ్, కుడి ముంజేత్తో బాడీని కొంచెం పొట్టకి అదిమి పెట్టు, ఇప్పుడు ఎడమ వేళ్లతో నొక్కి వాయించు. స్వరం పలుకుతుంది. అంటే నువ్వు ఇన్నాళ్లూ బొటనవేలితో వెనక నుంచి పెడుతున్న బలం చాలావరకు అక్కర్లేనిదే. అలా పలకడం లేదంటే నీ తీగలు మరీ ఎత్తులో ఉన్నాయన్నమాట, అప్పుడు సెటప్ (నెక్, తీగల ఎత్తు సరిచేయడం) సంగతి చూడాలి.

స్ట్రాప్ ఎంత పొడవు పెట్టావు? తొడల దాకా వేలాడేస్తే మణికట్టు లోపలికి మడతపడుతుంది. కూర్చున్నప్పుడు గిటార్ ఎక్కడుందో నిలబడినప్పుడూ అక్కడే ఉండేట్టు పొట్టి చేసుకో. ఇంకా, నిలబడి రెండు చేతులూ వదిలి చూడు, హెడ్ (ట్యూనర్లు ఉండే నెక్ చివర) కిందికి పడిపోతోందా చెప్పు. పడిపోతుంటే నీ ఎడమ చెయ్యి వాయించడమే కాదు, గంటసేపు నెక్కుని మోస్తోంది కూడా.

జవాబు (గూడూరు నుంచి)

అన్న చెప్పినవన్నీ నిజమే, కానీ నా అనుభవం కూడా చెప్తా. నా చెయ్యి నిజంగానే చిన్నది. రెండేళ్లు 34 అంగుళాలదాంతో కుస్తీ పట్టి, మూడు ఫ్రెట్ల పద్ధతి కూడా నేర్చుకుని, చివరికి 30 అంగుళాల షార్ట్ స్కేల్‌కి మారాను. ఆ ఒకటి నుంచి నాలుగు ఫ్రెట్ల దూరం దీంట్లో 11.4 సెంటీమీటర్లే. అదే తీగ, అదే స్వరం అయితే బిగువు కూడా ఇంచుమించు 22 శాతం తగ్గుతుంది, ఎందుకంటే బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. నొక్కడానికి వెన్నలా ఉంటుంది. షార్ట్ స్కేల్ అంటే పిల్లల గిటార్ అని కొందరు తీసిపారేస్తారు, ఆ మాట నాకు అస్సలు నచ్చదు. వినేవాళ్లకి స్వరం ముఖ్యం, అంగుళాలు కాదు.

నష్టం కూడా దాచను. లావు తీగ కొంచెం వదులుగా ఊగుతుంది, గట్టిగా మీటితే స్వరం పైకి పోయి వస్తుంది. కాబట్టి కుడి చెయ్యి సుతారంగా ఉండాలి. అలా ఉండడానికి నాకు ఏడాది పట్టింది.

అయిదు తీగలది మాత్రం నొప్పి ఉన్నప్పుడు వద్దు తమ్ముడూ. జాజ్ బేస్ నట్ వెడల్పు 38 మిల్లీమీటర్లు, అయిదు తీగలదైతే మామూలుగా 45 నుంచి 48 ఉంటుంది. లావు తీగ అందుకోవడానికి మణికట్టు ఇంకా తిరగాలి.

జవాబు (ఒంగోలు నుంచి)

అక్క చెప్పినదాంతో ఏకీభవిస్తున్నా. అయిదో తీగ బి, 31 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మన చర్చిల్లో ఉండే మామూలు స్పీకర్లు 50 కింద సరిగ్గా పలకవు, దాంతో పాటే మోగే పై స్వరాలు (హార్మోనిక్స్) విని మన చెవే ఆ స్వరాన్ని పూరించుకుంటుంది. డి స్కేల్లో పాటలు ఎక్కువుంటే నాలుగు తీగల దాంట్లోనే లావు తీగని డి కి దించుకో, కావలసింది వస్తుంది.

ప్రశ్న అడిగినవారు (కావలి)

అన్నా, అక్కా, చాలా థాంక్స్. చేతులు వదిలి చూశాను. హెడ్ నిదానంగా కిందికి దిగిపోయింది. చిటికెన వేలితో ఒంటరిగా నొక్కుతున్న మాట కూడా నిజం. బొటనవేలు తీసి వాయిస్తే లావు తీగ అసలు పలకలేదు, జిర్రుమంది. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎంత ఎత్తులో ఉందో మా పాప స్కూలు స్కేలుతో కొలిస్తే 3 మిల్లీమీటర్లు వచ్చింది. అది ఎక్కువా?

జవాబు (ఒంగోలు నుంచి)

ఆ స్కేలు ఒకసారి చూడు. ప్లాస్టిక్ స్కేలుకి సున్నా గీత అంచు మీద ఉండదు, లోపలికి ఉంటుంది. ఆ ఖాళీ కూడా కలుపుకోవాలి. స్టీలు స్కేలు అయితే చాలావాటికి సున్నా అంచు దగ్గరే మొదలవుతుంది, హార్డ్‌వేర్ షాపులో ఒకటి కొనుక్కో, జీవితాంతం పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు (కావలి)

నిజమే అన్నా! స్టీలు స్కేలుతో 4 మిల్లీమీటర్లు పైనే ఉంది.

జవాబు (ఒంగోలు నుంచి)

అదీ సంగతి. లావు తీగ కింద 12వ ఫ్రెట్ దగ్గర 2 నుంచి 2.5 ఉంటే హాయిగా ఉంటుంది. నువ్వు దాదాపు రెట్టింపు ఎత్తుకి నొక్కుతున్నావు. అమ్మిన వాళ్లు సెట్ చేసి ఇవ్వాల్సింది, సరే, ఇప్పుడు మనం చేద్దాం. వరస తప్పొద్దు: ముందు నెక్, తర్వాత బ్రిడ్జి, ఆఖర్న ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలో కూడా శ్రుతి సరిగ్గా పలికేట్టు చూడడం).

నెక్ చూడడానికి లావు తీగని ఒకటో ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోట ఇంకో చేత్తో నొక్కి పట్టు. ఇప్పుడా తీగే నీకు నిటారు గీత. ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు ఎంతుందో చూడు. 0.3 మిల్లీమీటర్లు ఉండాలి, మామూలు విజిటింగ్ కార్డు కాస్త రాసుకుంటూ దూరేంత. అంతకన్నా ఎక్కువైతే నెక్ ముందుకి వంగిందని అర్థం. మన తీరం గాలిలో తేమ ఎక్కువ, చెక్క నీరు పీల్చి కదులుతుంది, ఏసీ లేని గదిలో గోడకి ఆనించి పెడితే ఇంకా. నెక్ లోపల ఉండే ఇనుప కడ్డీని (ట్రస్ రాడ్) బిగించే నట్‌ని సరిగ్గా సరిపడే అలెన్ కీతో సవ్యదిశలో పావు తిప్పు, అంతే. మళ్లీ శ్రుతి చేసి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు కొలిచి, కావాలంటే ఇంకో పావు. తిరగనని మొండికేస్తే బలవంతం చేయకు, అక్కడే ఆపి తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. రాడ్ తెగితే ఆ నెక్కు పోయినట్టే.

తర్వాత బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్క (శాడిల్) పక్క స్క్రూలతో ఎత్తు తగ్గించు. అయ్యాక 12వ ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా ఊరికే తాకి హార్మోనిక్ మోగించి, అదే ఫ్రెట్ నొక్కి మోగించి ట్యూనర్‌లో చూడు. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే శాడిల్ వెనక్కి, తక్కువ చూపిస్తే ముందుకి.

హెడ్ పడిపోవడానికి కారణం చెప్తా. జాజ్ బేస్ ఆకారంలో పై కొమ్ము 12వ ఫ్రెట్ దాకా సాగి ఉంటుంది, స్ట్రాప్ బటన్ ఆ కొసన ఉంటుంది కాబట్టి మామూలుగా నిలబడుతుంది. చవకరకం కాపీల్లో బాడీ తేలిక చెక్క, ట్యూనర్లు మాత్రం బరువు. అలాంటప్పుడు మూడు అంగుళాల వెడల్పు తోలు స్ట్రాప్, లోపలి వైపు గరుకుగా ఉండేది వేసుకో. నైలాన్‌ది చొక్కా మీద జారుతుంది. గిటార్ మార్చడం కన్నా ఇది ఎన్నో రెట్లు చవక.

కుడి చెయ్యి గురించి కూడా ఒక మాట. గట్టిగా మీటే అలవాటు ఉంటే తీగ ఎత్తు తగ్గించగానే జిర్రుమంటుంది, అప్పుడు మళ్లీ ఎత్తు పెంచేస్తారు, మళ్లీ నొప్పి. ఆంప్ వాల్యూమ్ పెంచు, వేలు బలం తగ్గించు. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలు చాలావాటికి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడి చేత్తో ఒక్క చూపుడు వేలితోనే మీటేవాడు. ఆయన తీగలు బాగా ఎత్తులో ఉండేవి, అది ఆయన చెయ్యి, మనం దాన్ని అనుకరించక్కర్లేదు. కానీ ఒక వేలితో అంత పలికించొచ్చు అంటే బలంలో ఏమీ లేదని తెలుస్తుంది.

జవాబు (సింగరాయకొండ నుంచి)

నేను సౌండ్ పని చేస్తాను. హమ్, అంటే ఆ గుయ్‌మనే శబ్దం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. జాజ్ బేస్‌లో తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండు, ఒక్కోదాంట్లో ఒక్కటే వైరు చుట్ట (సింగిల్ కాయిల్). మామూలుగా ఒకదానికొకటి తిరగేసి చుట్టి ఉంటాయి, రెండు వాల్యూమ్‌లూ ఫుల్ పెడితే హమ్ కొట్టుకుపోతుంది. ఒకటి తగ్గించగానే తిరిగొస్తుంది. ముందు అది చూడు. ప్రెసిషన్ బేస్‌కి ఈ గొడవ లేదు, 1957 నుంచి దాని పికప్ రెండు ముక్కలుగా చేసి హమ్ పోయేట్టు పెట్టారు.

తీగ మీద చెయ్యి పెట్టగానే శబ్దం తగ్గితే తీగల ఎర్త్ వైరు బాగానే ఉందన్నమాట. అయినా ఎక్కువగా ఉంటే దగ్గర్లో సీరియల్ లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్ ఉన్నాయేమో చూసుకో. అన్నిటికన్నా ముఖ్యం ఇది: మైక్ పెదవికి తగిలితే చురుక్కుమంటోందా? అలా అయితే వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. శబ్దం పోవడానికని ప్లగ్‌లో మూడో పిన్ను విరగ్గొట్టే వాళ్లని చూశాను, దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. ఒక చెయ్యి తీగ మీద, పెదవి మైక్ మీద ఉంటే కరెంటు ఒంటిలోంచే వెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు (కావలి)

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నెక్‌కి మొత్తం రెండు పావులు తిప్పాల్సి వచ్చింది, ఇప్పుడు కార్డు రాసుకుంటూ దూరుతోంది. 12వ ఫ్రెట్ దగ్గర 2.4. తోలు స్ట్రాప్ కొన్నాను, చేతులు వదిలినా నెక్ నిలబడుతోంది. పోయిన ఆదివారం ఆరు పాటలు వాయించాను, ఆఖరి పాటలో కొంచెం అలసట తప్ప లాగడం లేదు, బండి క్లచ్ సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. చెయ్యి జరిపేటప్పుడు ఇంకా తడబడుతున్నా. రెండు వాల్యూమ్‌లూ ఫుల్ పెడితే హమ్ దాదాపు పోయింది. ఎర్తింగ్ కూడా చూపించాం, స్టేజీ మీద ఒక బోర్డుకి ఎర్త్ వైరే కలపలేదట. తీగలు మార్చాలి, తుప్పు పట్టాయి. ఫ్లాట్ వౌండ్ (పైన చదునైన తీగ చుట్టినవి) వేస్తే వేళ్లకి మెత్తగా ఉంటుందా అక్కా?

జవాబు (గూడూరు నుంచి)

ఎంత మంచి మాట చెప్పావు తమ్ముడూ. ఫ్లాట్ వౌండ్ వేలికి నున్నగా ఉంటుంది, జారేటప్పుడు కీచుమనదు, కీర్తనలకి ఆ గుండ్రటి నాదం చాలా బాగుంటుంది. కానీ నున్నగా ఉండటం వేరు, మెత్తగా ఉండటం వేరు. అదే మందంలో రౌండ్ వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టినవి) కన్నా చాలా ఫ్లాట్ వౌండ్‌లకి బిగువు ఎక్కువ. నీ చెయ్యి ఇప్పుడిప్పుడే కుదుటపడుతోంది, ఈసారికి రౌండ్ వౌండ్‌లోనే 45–105 బదులు 40–95 లాంటి (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) సన్నటి సెట్ వేసుకో. బిగువు తగ్గితే నెక్ కొంచెం వెనక్కి పోతుంది, ఆ ఎనిమిదో ఫ్రెట్ సందు మళ్లీ కొలుచుకో. వాయించాక ప్రతిసారీ పొడి గుడ్డతో తీగ పైనా కిందా తుడువు, సముద్రం గాలికి తుప్పు తొందరగా పడుతుంది. నీ 34 అంగుళాల బేస్‌కి సరిపడే లాంగ్ స్కేల్ సెట్ అనే అడుగు. వేసేటప్పుడు తీగని ట్యూనర్ దాటి నాలుగైదు అంగుళాలు వదిలి, ముందు అక్కడ నిటారుగా మడిచి, ఆ మడత తర్వాతే కట్ చెయ్యి. మడవకుండా కట్ చేస్తే పైన చుట్టిన తీగ లోపలి తీగ మీద వదులైపోయి, కొత్త తీగ కూడా మొద్దుగా మోగుతుంది.