పెండ్లి సంబంధం విషయంలో “మనసులో సమాధానం (నెమ్మది) లేదు” అంటే దేవుని చిత్తం కాదనేనా?

ప్రశ్న (ఒక తండ్రి, తెనాలి):
అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బాప్తిస్మం పొందిన విశ్వాసి, ఉద్యోగస్థుడు. ఆ కుటుంబాన్ని మా సంఘకాపరి చాలాకాలంగా ఎరుగుదురు. ఇంటిల్లిపాదీ ఉపవాసముండి ప్రార్థించాము. నాకూ నా భార్యకూ నెమ్మదిగానే ఉంది గాని, అమ్మాయి మాత్రం “నాకు సమాధానం లేదు నాన్నా” అంటోంది. కారణం అడిగితే చెప్పలేకపోతోంది. క్రీస్తు అనుగ్రహించే సమాధానం మన హృదయాలలో ఏలాలని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక (3:15) చెబుతుండగా, హృదయం అన్నిటికంటె మోసకరమైనదని యిర్మీయా (17:9) హెచ్చరిస్తున్నాడు. ఆమె కలతను దేవుని జవాబుగా తీసుకోవాలా, సహజమైన భయమని నచ్చజెప్పాలా?

జవాబు (సంఘకాపరి, ఖమ్మం):
అయ్యా, వందనాలు. కొలొస్సయుల వచనాన్ని దాని ముందు వచనాలతో కలిపి చదవండి. ఒకరినొకరు సహించడం, క్షమించడం, ఒక్క శరీరంగా ఉండడం గురించి అపొస్తలుడు అక్కడ సంఘంతో మాట్లాడుతున్నాడే గాని, సంబంధాలకూ ఉద్యోగాలకూ ఒక పరీక్షను నియమించడం లేదు. దేవుని మాటకు ఎదురుతిరిగి తర్షీషుకు పారిపోతున్న యోనా తుపానులో సైతం ఓడ అడుగున గాఢంగా నిద్రపోయాడు. తండ్రి చిత్తానికి సంపూర్ణంగా లోబడిన ప్రభువు గెత్సేమనేలో మరణమగునంత దుఃఖంలో మునిగియున్నాడు. నెమ్మది ఉన్నంత మాత్రాన అది దేవుని ఆమోదమనీ, కలత ఉన్నంత మాత్రాన అది ఆయన నిరాకరణ అనీ చెప్పలేము. ఈ మాట అమ్మాయి కలతకు ఎంత వర్తిస్తుందో మీ దంపతుల నెమ్మదికీ అంతే వర్తిస్తుందని మనవి.

జవాబు (ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం):
పాస్టరు గారి మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. త్రోయలో సువార్తకు మంచి అవకాశం దొరికినా, తన సహపనివాడైన తీతు కనబడనందున మనసు నెమ్మది లేక పౌలు మాసిదోనియకు బయలుదేరాడు (2 కొరింథీ 2:12, 13). అతడు ఆ కలతను ప్రభువు స్వరమని పిలవలేదు, అణచుకోనూ లేదు. దాని కారణం అతనికి తెలుసు. ఇక పెండ్లి సంగతికొస్తే, ఇస్సాకుకు పెండ్లికుమార్తెను వెదకవచ్చిన అబ్రాహాము సేవకునికి దేవుడు అంత స్పష్టంగా దారి చూపిన తరువాత కూడా, రిబ్కా ఇంటివారు ఆమెను పిలిచి, ఈ మనుష్యునితో వెళ్తావా అని అడిగారు (ఆదికాండము 24:57, 58). విధవరాలు తన కిష్టమైనవానిని, ప్రభువునందు మాత్రమే, పెండ్లి చేసికోవచ్చునని పౌలు వ్రాసినప్పుడు ఆమె ఇష్టానికి చోటిచ్చాడు. కాబట్టి అమ్మాయికి ఇష్టం లేకపోవడమే ఆగడానికి చాలిన కారణం. దానికి దైవసందేశమనే ముద్ర అక్కరలేదు. మన ఇళ్లలో “నాకు ఇష్టం లేదు” అనే ధైర్యం చాలని ఆడపిల్లలు “సమాధానం రాలేదు” అనడం నేను చాలాసార్లు చూశాను. దయచేసి తల్లి ఒక్కరే, తొందరపెట్టకుండా, ఆమెతో మాట్లాడనివ్వండి.

జవాబు (కతోలిక విశ్వాసి, సికింద్రాబాదు):
మా సంప్రదాయంలో యేసుసభ స్థాపకుడు లొయోలా ఇగ్నేషియస్ ఇందుకొక క్రమం నేర్పాడు. 1548లో పోపు ఆమోదం పొందిన ఆయన ‘ఆత్మీయ సాధనలు’ గ్రంథాన్ని నేటికీ ధ్యానకూటాలలో వాడుతున్నారు. మనసు అంధకారంలో ఉన్నప్పుడు మునుపటి నిశ్చయాన్ని మార్చవద్దంటాడు. మనసు ప్రశాంతంగా ఉన్న సమయంలో లాభనష్టాలను తూచమనీ, మనకు తెలియని మనిషి ఇదే స్థితిలో ఉంటే ఏ సలహా ఇస్తామో ఆలోచించమనీ చెబుతాడు. ఆ చివరి ప్రశ్న మీ అమ్మాయికి ఉపయోగపడవచ్చు.

ప్రశ్న అడిగిన తండ్రి:
అందరికీ కృతజ్ఞతలు. నా భార్య నిన్న రాత్రి అమ్మాయితో మాట్లాడింది. పెండ్లిచూపుల నాడు ఆమె అబ్బాయిని అడిగిన ప్రతి ప్రశ్నకూ వాళ్ల అమ్మగారే జవాబు చెప్పారట. పెండ్లయ్యాక ఉద్యోగం మానాలా అని అడిగినప్పుడు అబ్బాయి తలవంచుకొని కాఫీ కప్పు వైపే చూస్తూ ఉండిపోయాడట. ఇద్దరూ నేరుగా మాట్లాడుకునేటట్లు చూడమని సంఘకాపరి గారి ద్వారా వాళ్లకు కబురు పంపుతున్నాము. ఆ తరువాత కూడా అమ్మాయి వద్దంటే, ఈ సంబంధం వదులుకుంటాము.