అట్రాసిటీ కేసుల పీపీలకు శిక్షణ: పనిచేసిందో లేదో శిక్షల శాతంతో తేల్చవచ్చా?

రావిచెట్టు:
ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద బాధితుల పక్షాన ప్రభుత్వం తరఫున కేసులు నడిపే స్పెషల్ పీపీలకు (పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు) శిక్షణ తరగతులు పెడుతుంటారు. చివరి రోజు ఒక ఫారం పంచుతారు. వక్త బాగా చెప్పారా, వసతి బాగుందా, మళ్లీ పిలిస్తే వస్తారా? అందరూ 'చాలా బాగుంది' దగ్గర టిక్కు పెడతారు. దాన్నే మూల్యాంకనం అంటారు.

నా వాదన సూటిగా చెబుతాను. శిక్షణకు ముందు ఆ కోర్టులో ఎంత శాతం కేసుల్లో శిక్ష పడింది, తర్వాత ఎంత శాతంలో పడింది? అది పెరగకపోతే శిక్షణ దండగ. కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు. ఈ చట్టం కింద చేసిన 1995 నియమాల్లో 4వ నియమం ప్రకారం కలెక్టర్, ప్రాసిక్యూషన్స్ డైరెక్టర్ ఏటా జనవరిలో, జులైలో స్పెషల్ పీపీల పనితీరు సమీక్షించాల్సిందే. ఆ కాగితంలో ఇంకో గడి పెడితే చాలు. ఫిర్యాదు చేసిన మనిషికి కావాల్సింది తీర్పు. పీపీగారు ఎన్ని క్లాసులు విన్నారో ఆ మనిషికి అనవసరం.

లెక్కలపుస్తకం:
మీ కోపంతో నాకు పేచీ లేదు, కొలబద్దతోనే పేచీ. చట్టం రాసినట్టు జరిగితే 60 రోజుల్లో ఛార్జిషీటు, ఆ తర్వాత రెండు నెలల్లో విచారణ పూర్తవ్వాలి. అలా నడిచే కోర్టు ఎక్కడుందో చెప్పండి. ఈ ఏడాది వచ్చే తీర్పుల్లో ఎక్కువ భాగం ఏళ్ల కింద డీఎస్పీ నమోదు చేసిన వాంగ్మూలాల మీద ఆధారపడ్డవే. మొన్న జరిగిన శిక్షణ ఆ వాంగ్మూలాలను ఎలా బాగుచేస్తుంది?

సంఖ్యలు కూడా చిన్నవి. ఒక కోర్టు ఏడాదికి 20 కేసులు తేల్చిందనుకోండి. మూడు కేసులు అటూ ఇటూ అయితే శాతం 15 పాయింట్లు కదులుతుంది. ఊళ్లో ఒక రాజీ కుదిరి, ఒకే ఘటనలోని సాక్షులంతా ఎదురు తిరిగితే చాలు.

అసలు ప్రమాదం ఇంకొకటుంది. శాతం పెంచమని పీపీ మీద ఒత్తిడి పెడితే దగ్గరి దారి ఏమిటి? కుల సెక్షన్ మీద పట్టు వదిలేసి, చిన్న గాయం సెక్షన్ కింద జరిమానా పడితే 'శిక్ష పడింది' అని రాసుకోవడం. బాగా నేర్చుకున్న పీపీ కష్టమైన సెక్షన్ కోసం పట్టుబడతాడు, కొన్నింట్లో ఓడతాడు. మీ గడిలో అతను ఫెయిలు, మొదటివాడు పాసు.

కోర్టుగుమ్మం:
కొలవాల్సింది ఫైల్లోనే ఉంది. పఠాన్ జమాల్ వలి కేసు చూడండి, మన ఆంధ్రప్రదేశ్‌దే, 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు. చూపులేని ఎస్సీ యువతిపై 2011లో జరిగిన అత్యాచారం. ఆమె గొంతును బట్టి నిందితుణ్ణి గుర్తుపట్టింది. కోర్టు ఆ సాక్ష్యాన్ని నమ్మింది, అత్యాచారానికి జీవితఖైదు నిలబెట్టింది. కానీ అట్రాసిటీ చట్టంలో కులం కారణంగా చేసిన పెద్ద నేరాలకు వర్తించే 3(2)(వి) కింద పడిన శిక్షను కొట్టేసింది. నేరం కులం కారణంగా జరిగిందని చూపే విడి సాక్ష్యం రికార్డులో లేదు. రావిచెట్టు గారి గడిలో ఈ కేసు 'శిక్ష పడింది' కిందే చేరుతుంది. కుల కోణం మాత్రం ఓడిపోయింది. వైకల్యం ఉన్న బాధితుల కేసులు ఎలా నడపాలో పబ్లిక్ ప్రాసిక్యూటర్లకూ శిక్షణ ఉండాలని చెప్పింది ఈ తీర్పులోనే.

2016 జనవరి 26 నుంచి అట్రాసిటీ చట్టానికి చేసిన సవరణ అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత జరిగిన నేరాల్లో 3(2)(వి)కి, బాధితుడు ఎస్సీ లేదా ఎస్టీ అని తెలిసి చేశాడని చూపితే సరిపోతుంది. సెక్షన్ 8(సి) ఇంకా సాయం చేస్తుంది: బాధితుడితోనో అతని కుటుంబంతోనో నిందితుడికి స్వయంగా పరిచయం ఉంటే కులం తెలుసనే కోర్టు భావించాలి, కాదని రుజువయ్యేదాకా. అయితే ఆ పరిచయం దానంతటది రికార్డులోకి రాదు. చీఫ్‌లో, అంటే పీపీ తన సాక్షిని మొదట ప్రశ్నించేటప్పుడు, అడగాలి. ఎన్నేళ్లుగా తెలుసు? ఎవరి పొలంలో పనికి వెళ్తారు? అతని ఇల్లు ఎక్కడ? మీ వాడకు ఎప్పుడైనా వచ్చాడా, ఎవరింటికి? ఈ నాలుగు ప్రశ్నలు వేయకపోతే 8(సి) పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఇక కుల ధ్రువీకరణ పత్రాలు. బాధితుడిది ఒక్కటే కాదు, నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాడని చూపేది కూడా కావాలి. చాలాసార్లు పత్రం ఫైల్లో కుట్టి ఉంటుంది కానీ ఎగ్జిబిట్‌గా మార్క్ అయ్యి ఉండదు. జారీ చేసిన తహసీల్దారు సాక్షుల జాబితాలోనే ఉండడు. తీర్పులో ఒక్క వాక్యం: 'కులం రుజువు కాలేదు.'

3(1)(ఆర్), 3(1)(ఎస్) కేసుల్లో, అంటే నలుగురిలో అవమానించడం, కులం పేరుతో దూషించడం కేసుల్లో, జబ్బు వేరు. ఎఫ్‌ఐఆర్‌లో 'కులం పేరుతో దూషించాడు' అని రాస్తారు, అన్న మాట రాయరు. ఎంత నీచమైన మాటైనా సరే, అన్నది అన్నట్టు ఉండాలి. నలుగురికీ కనబడేచోట జరిగిందా అన్నది రెండో ప్రశ్న. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్నది ఈ సెక్షన్ కిందికి రాదని హితేష్ వర్మ కేసులో 2020లో చెప్పారు. అందుకే ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎంత దూరంలో, ఏం విన్నారు అన్నది ప్రతి సాక్షి వాంగ్మూలంలో విడివిడిగా ఉండాలి. ఇవి లేని ఛార్జిషీటు ముసాయిదా మీద పీపీ ఏం రాశాడు? శిక్షణ ఇంకిందో లేదో ఆ కాగితం చెబుతుంది.

రావిచెట్టు:
కోర్టుగుమ్మం గారూ, మీరు చెప్పినవన్నీ చెక్‌లిస్టు అవుతాయి. రెండో నెల నుంచి అందరూ టిక్కులు పెట్టి పంపుతారు, కేసులు మాత్రం పోతూనే ఉంటాయి. చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి జీవితఖైదు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఆ కుటుంబాలకు మీ చెక్‌లిస్టు ఏం చెబుతుంది?

కోర్టుగుమ్మం:
చుండూరు మీ వాదనకే అడ్డం వస్తుంది. 2007లో శిక్షల శాతం తీసి ఉంటే ఆ ప్రాసిక్యూషన్ గెలుపు. అదే ఫైలుకు 2014లో లెక్క కడితే ఓటమి. మధ్యలో ప్రాసిక్యూషన్ సాక్ష్యం అక్షరం మారలేదు. హైకోర్టు చెప్పిన కారణాలు చూడండి: చనిపోయిన సమయం, దాడి జరిగిన చోటు, ఎవరు ఎవరిని కొట్టారన్న గుర్తింపు రుజువు కాలేదని. ఆ తీర్పు సరైనదా కాదా అన్నది వేరే చర్చ, నాకూ అభ్యంతరాలున్నాయి. పై కోర్టులో తవ్వేది మాత్రం నేను పైన రాసిన రకం వివరాలనే.

చెక్‌లిస్టు భయం నిజమే. అందుకే టిక్కు పీపీ పెట్టకూడదు. ఫైలు బయటివాళ్లు చదవాలి.

థేమ్స్‌ఒడ్డు:
ఇంగ్లండ్, వేల్స్‌లో క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ రెండు లెక్కలు వేరుగా ఉంచుతుంది. ద్వేషనేరంగా గుర్తించిన కేసుల్లో ఎన్నింట్లో శిక్ష పడింది అన్నది ఒకటి. శిక్ష పడ్డవాటిలో ఎన్నింట్లో ద్వేషం కారణంగా శిక్ష పెంచినట్టు జడ్జి ప్రకటించారు అన్నది రెండోది. 2020 శిక్షల చట్టం సెక్షన్ 66 ప్రకారం శత్రుత్వం రుజువైతే జడ్జి దాన్ని తీవ్రత పెంచే అంశంగా తీసుకోవాలి, ఆ సంగతి బహిరంగ కోర్టులో చెప్పాలి. జమాల్ వలి లాంటి కేసు మొదటి లెక్కలో గెలుపు, రెండో లెక్కలో ఓటమి. తెలుసుకోవాల్సింది ఆ తేడానే.

అక్కడి సెక్షన్‌లో రెండు దారులున్నాయి. నేర సమయంలో గాని, దానికి కాస్త ముందో వెనుకో గాని శత్రుత్వం బయటపెట్టాడని చూపడం ఒకటి. నేరానికి ప్రేరణే శత్రుత్వమని చూపడం రెండోది. మొదటిది తేలిక. మనసులోది తవ్వక్కర్లేదు, నోటి మాట చాలు. ఏ కేసుకు ఏ దారి పడతాడన్నది శిక్షణ తర్వాత పరీక్షించదగ్గ విషయం.

వార్సాలోని ఓడిహర్ (యూరప్ భద్రతా, సహకార సంస్థకు చెందిన మానవ హక్కుల కార్యాలయం) కూడా ప్రాసిక్యూటర్లకు ద్వేషనేరాల శిక్షణ నడుపుతుంది. స్థానిక ప్రాసిక్యూటర్లనే శిక్షకులుగా తయారుచేస్తారు, పక్షపాత సూచికలు గుర్తించడం నేర్పుతారు: అన్న మాటలు, ఎంచుకున్న చోటు, తేదీ, బాధితుణ్ణే ఎందుకు ఎంచుకున్నాడు, ముందు జరిగిన గొడవలు. దాన్ని యథాతథంగా తెచ్చి అట్రాసిటీ కేసులకు అంటిస్తే కుదరదు. మనకు 8(సి) ఉంది, కులం తెలుసని చూపితే చాలు.

సెషన్స్‌మెట్లు:
థేమ్స్‌ఒడ్డు గారూ, చివరి మాట సగమే ఒప్పుకుంటాను. 'తెలిస్తే చాలు' అన్న సూత్రాన్ని అన్ని సెక్షన్లకూ పూసేయడమే శిక్షణల్లో పెద్ద తప్పు. 3(2)(వి)కి అది సరే. 3(1)(ఆర్)కి కించపరిచే ఉద్దేశం కావాలి, ఆ అవమానం కులంతో ముడిపడి ఉండాలి, కులం తెలిసి ఉండటం ఒక్కటే చాలదని 2024 ఆగస్టులో షాజన్ స్కారియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు తెచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో 103(2) వచ్చింది: ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి కులం, జాతి, భాష, పుట్టిన చోటు లాంటి కారణంతో చంపితే ఉరి లేదా జీవితఖైదు. అక్కడ 8(సి) లాంటి ఊతం లేదు. కారణం రుజువు చేయాల్సిందే. మీ పక్షపాత సూచికలు పనికొచ్చేది అక్కడ.

పరీక్ష పేపర్లో ఒకే ఘటన ఇచ్చి, మూడు సెక్షన్లకూ ఏ సాక్ష్యం సరిపోతుంది, ఏది చాలదు అని రాయించండి. మూడింటికీ ఒకే జవాబు రాసినవాడికి క్లాసు ఎక్కలేదు.

పోస్టింగ్‌కాగితం:
శిక్షణ, శిక్షణ! స్పెషల్ పీపీల ప్యానెల్ గడువు మూడేళ్లు. రెండున్నరేళ్లు అయ్యాక శిక్షణకు పంపితే నేర్చుకున్నది ఎవరికి? ఏడాది తర్వాత శిక్షణ పొందినవాళ్లలో ఎంతమంది అదే కోర్టులో ఉన్నారు? మొదటి గడి అది పెట్టండి. రెండోది: అతను అట్రాసిటీ కేసులే చూస్తున్నాడా, మిగతా సెషన్స్ కేసులు కూడా నెత్తిన ఉన్నాయా? ఎక్స్‌క్లూజివ్ స్పెషల్ కోర్టుకు, అంటే ఈ కేసులకే పెట్టిన కోర్టుకు, ఎక్స్‌క్లూజివ్ పీపీ ఉండాలని సెక్షన్ 15 చెబుతుంది.

లెక్కలపుస్తకం:
మంచి మాట. ఇదీ కలిపి ఒక పద్ధతి రాస్తాను, లోపాలు చెప్పండి.

తెలంగాణలో 33 జిల్లాలు. అందరికీ ఒకేసారి శిక్షణ ఇస్తే పోల్చడానికి ఎవరూ మిగలరు. చీటీలు తీసి సగం జిల్లాలకు ముందు, మిగతా సగానికి ఆరు నెలల తర్వాత ఇవ్వాలి. 'ఆసక్తి ఉన్నవాళ్లు రండి' అంటే ముందే బాగా పనిచేసేవాళ్లు వస్తారు, ఆ ఘనత శిక్షణ ఖాతాలో పడుతుంది.

మొదటి రోజే ఒక నకిలీ ఎఫ్‌ఐఆర్, మూడు వాంగ్మూలాలు చేతికిచ్చి 45 నిమిషాల్లో డీఎస్పీకి నోట్ రాయమనాలి: ఏం తక్కువైంది, ఎవరిని మళ్లీ విచారించాలి. ఆరు నెలలకు వేరే ఫైలుతో అదే పరీక్ష. అదే ఫైలు మళ్లీ ఇస్తే జ్ఞాపకశక్తికి మార్కులు వేసినట్టు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పేపర్ ఇవ్వొద్దు. సెక్షన్ నంబర్ తెలిసినా చీఫ్‌లో ప్రశ్న వేయలేనివాళ్లు అందులో తేలిగ్గా పాసవుతారు.

తర్వాత అసలు ఫైళ్లు. రెండు గుంపుల నుంచీ చెరో 40, రిజిస్టర్‌లో వరస చూసి లాటరీగా. శిక్షణ తేదీ తర్వాత జరిగిన దశలనే చూడాలి. ఛార్జిషీటు అంతకుముందే దాఖలై ఉంటే దాని మార్కులు వదిలేసి చీఫ్ మాత్రమే చదవాలి. పేర్లు, జిల్లా చెరిపేసిన ప్రతులు ఇద్దరు విడివిడిగా చదివి మార్కులు వేయాలి. ఇద్దరి మార్కులూ పొంతన లేకుండా ఉంటే మార్కుల పద్ధతి బాగోలేదని అర్థం. ముందు దాన్ని సరిచేయాలి.

సాక్షిబోను:
సాక్షి ఎదురు తిరిగిన చోట పీపీ ఏం చేశాడో కూడా ఆ చదువులో ఉండాలి. 'హోస్టైల్‌గా ప్రకటించండి' అని అడిగి కూర్చున్నాడా? బీఎస్‌ఏ (భారతీయ సాక్ష్య అధినియం) 157 కింద అనుమతి తీసుకుని, 148 ప్రకారం పాత వాంగ్మూలంలోని ఆ భాగాన్నే చూపి ప్రశ్నించాడా? రెండింటికీ తూర్పు, పడమర తేడా.

ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. అట్రాసిటీ చట్టం సెక్షన్ 15ఏ ప్రకారం బెయిల్ విచారణకు బాధితుడికి నోటీసు వెళ్లాలి, అతని మాట వినాలి. ఇది తప్పనిసరి అని 2021 అక్టోబరులో హరిరాం భంభీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ బెయిల్ రద్దు చేసింది. బెయిల్ ఫైళ్లు వారాల్లో తేలిపోతాయి కాబట్టి శిక్షణ ప్రభావం ముందు కనబడేది ఇక్కడే. నోటీసు ఏ తేదీన ముట్టింది, విచారణ ఏ తేదీన జరిగింది, బాధితుడి మాట ఆర్డర్‌లో ఉందా? మూడేళ్లు ఆగక్కర్లేదు.

రావిచెట్టు:
బెయిల్ సంగతి ఒప్పుకున్నాను. లెక్కలపుస్తకం గారి పద్ధతికి ఒక్క షరతు: తీర్పుల లెక్క తీసేయొద్దు, నాలుగు ముక్కలు చేసి పక్కన పెట్టండి. కుల సెక్షన్‌తో సహా శిక్ష, ఐపీసీ లేదా బీఎన్‌ఎస్ కింద మాత్రమే శిక్ష, సాక్షులు ఎదురు తిరిగి కొట్టేసినవి, సాక్షులు నిలబడ్డా కొట్టేసినవి. నాలుగోది ఎక్కువుంటే పీపీని అడగండి. మూడోది ఎక్కువుంటే పోలీసులనూ కలెక్టర్‌నూ అడగండి. ఇవి జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలల సమావేశంలో చదివి వినిపించాలి, లోపల దాచుకునే నివేదిక వద్దు.

కోర్టుగుమ్మం:
నాలుగు ముక్కలూ బాగున్నాయి. మూడోదాన్ని పీపీ ఖాతాలోంచి పూర్తిగా తీసేయకండి, సాక్షిబోను గారు చెప్పిన 157, 148 ఉన్నాయి కదా. రెండో, నాలుగో ముక్కల పక్కన ఇంకో గడి పెట్టండి: సెక్షన్ 14ఏ కింద అప్పీలు గడువు 90 రోజులు. అప్పీలుకు వెళ్లాలా వద్దా అన్న అభిప్రాయం పీపీ తీర్పు వచ్చిన ఎన్నో రోజున రాసి పంపాడు? తీర్పు కాపీకి దరఖాస్తు ఏ తేదీన పెట్టాడు? ఈ రెండు తేదీలూ చాలా ఫైళ్లలో కనబడవు.