బ్లాక్‌చెయిన్‌లో ఇచ్చిన అనుమతిని నిజంగా రద్దు చేయడం ఎలా?

కొన్ని పరిశోధన సంస్థలు రోగుల స్కానులను పరస్పరం పంచుకునే వ్యవస్థను హైపర్‌లెడ్జర్ ఫాబ్రిక్ అనే, అనుమతి ఉన్న సంస్థలే చేరగల బ్లాక్‌చెయిన్ వేదికపై నిర్మిస్తున్నాం. ఫైళ్లను ఏఈఎస్-256 పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసి (తాళంచెవి లేనిదే చదవలేనట్లు మార్చి), ఫైళ్లను అనేక కంప్యూటర్ల మధ్య పంచుకునే నెట్‌వర్క్ అయిన ఐపీఎఫ్‌ఎస్‌లో ఉంచుతున్నాం. లెడ్జర్‌లో (బ్లాక్‌చెయిన్‌లోని చెరగని పద్దులో) ఉండేవి ఫైలుకు వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్, అనుమతుల వివరాలు మాత్రమే.

చిక్కంతా రద్దు దగ్గరే. రోగి సమ్మతిని ఉపసంహరించుకుంటే స్మార్ట్ కాంట్రాక్టు (బ్లాక్‌చెయిన్‌పై నడిచే ప్రోగ్రాము) వెంటనే నమోదు చేస్తుంది. కానీ తాళంచెవి అప్పటికే అవతలి సంస్థ చేతిలో ఉంటుంది. వాళ్ల నోడ్ (నెట్‌వర్క్‌లోని వాళ్ల కంప్యూటర్) ఆ ఫైలును పిన్ చేసుకుని (తొలగిపోకుండా దాచుకుని) ఉంటే, మేము మా వైపు తొలగించినా అది అక్కడ అలాగే ఉంటుంది. మాట ఇచ్చి నిలబెట్టుకోలేని వ్యవస్థను రోగుల ముందు పెట్టడం నాకు ఇష్టం లేదు.

ప్రాక్సీ రీ-ఎన్‌క్రిప్షన్ (ఫైలును విప్పి చూడకుండానే మధ్యవర్తి దాన్ని మరొకరి చెవికి తగ్గట్టు మార్చే పద్ధతి) వాడితే ఇకపై ఇచ్చే అనుమతులను అదుపు చేయవచ్చు. ఒకసారి తెరిచి దాచుకున్న ప్రతిని మాత్రం ఏ గణితమూ వెనక్కి తేలేదు, అది ఒప్పుకుంటాను. ఫాబ్రిక్ ప్రైవేట్ డేటా కలెక్షన్లలో (ఎంపిక చేసిన సంస్థలకే కనిపించే నిల్వల్లో) నిర్ణీత బ్లాకుల తర్వాత సమాచారం తొలగిపోయేలా పెట్టవచ్చు, అయితే అంత పెద్ద స్కానులను అందులో ఉంచడం సబబేనా?

తాళంచెవులను ఎక్కడ ఉంచుతున్నారు? రద్దయిన ప్రతిసారీ ఫైలును కొత్త చెవితో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేస్తున్నారా? ఐరోపా సమాఖ్య సమాచార రక్షణ చట్టమైన జీడీపీఆర్ 17వ అధికరణం చెప్పే తొలగింపు హక్కుకు, చెరగని లెడ్జర్‌లో మిగిలే హ్యాష్‌కు ఎలా పొత్తు కుదిర్చారు? ఇలాంటిది నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.