తేనెపట్టును శిలాజం అనుకున్నారు: నవ్వాలా, మెచ్చుకోవాలా?

రాతిపిచ్చోడు:
భీమ్‌బేట్కా సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. 2020 మార్చిలో ఢిల్లీలో జరగాల్సిన అంతర్జాతీయ భూవిజ్ఞాన మహాసభ కోవిడ్ వల్ల ఆగిపోయింది. ఆ సమయంలో భోపాల్ దగ్గరి భీమ్‌బేట్కా గుహలు చూడ్డానికి వెళ్లిన శాస్త్రవేత్తలకు, నేల నుంచి దాదాపు 11 అడుగుల ఎత్తున రాతికి అతుక్కుని ఈనెలు తేలిన ఆకులాంటి ఆకారం కనబడింది. 2021లో అది 'డికిన్సోనియా' అని పేపర్ వేశారు. అంటే సుమారు 55 కోట్ల ఏళ్ల క్రితం సముద్రం అడుగున బతికిన, చపాతీలా చదునైన మెత్తటి జీవి. ఎముక లేదు, పెంకు లేదు. జంతువుల్లో అతి పాతవాటిలో ఒకటి.

తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి జోసెఫ్ మీర్ట్ బృందం వెళ్లి చూస్తే అది పాడుబడిన తేనెపట్టు! 2023లో ఆ సంగతి పేపర్ వేశారు. రాతి నుంచి పెచ్చులుగా ఊడిపోతోంది కూడా. 55 కోట్ల ఏళ్లు ఆగిన శిలాజం మూడేళ్లలో ఊడిపోతుందా? మొదటి పేపర్ రాసిన గ్రెగరీ రెటాలాక్ కూడా తప్పు ఒప్పుకున్నారు, అందుకు ఆయన్ని కొందరు మెచ్చుకుంటున్నారు.

నేనేమో మా అబ్బాయి స్కూల్లో 'మన దేశపు తొలి జంతువు' అని స్లైడ్ వేసి మరీ చెప్పొచ్చాను. నా ప్రశ్న ఒకటే: ముట్టుకోకుండా, ముక్క తీయకుండా, ఫొటో చూసి పేపర్ ఎలా వేస్తారు? వాళ్ల సంగతి సరే, అచ్చేసిన పత్రిక ఏం చేస్తున్నట్టు?

బండల వ్యాపారి:
అన్నా, మాది బేతంచెర్ల దగ్గర. నాపరాయి చీలిస్తే ఒక్కోసారి లోపల చెట్టుకొమ్మల్లాంటి నల్లటి గీతలు వస్తాయి. ఇల్లు కట్టుకునేవాళ్లు చూసి 'ఆకు శిలాజం, ఇది పూజగదికి పెట్టుకుంటాం' అని విడిగా తీయించుకుంటారు. అది ఆకూ కాదు, కొమ్మా కాదు. నీళ్లతో పాటు చీలికలోకి దిగిన మాంగనీసు అలా పాకింది, అంతే. కంటికి ఆకులా ఉంటే చాలు, మనిషి ఆకే అంటాడు. పెద్ద చదువులు చదివినవాళ్లయినా కళ్లు అవే కదా.

భూగర్భశాస్త్రం చెప్పే టీచర్:
రాతిపిచ్చోడు గారూ, ముక్క తీయలేదని తిట్టకండి. అది యునెస్కో వారసత్వ స్థలం, సుత్తి పట్టుకుని వెళ్లనివ్వరు. నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. ఆ ఆకారాన్ని డికిన్సోనియా అనుకుని, దాని ఆధారంగా ఆ ఎగువ వింధ్య ఇసుకరాయికి (మధ్య భారతంలోని వింధ్య రాతి పొరల్లో పైవాటికి) 55 కోట్ల ఏళ్ల వయసు కట్టేశారు. అప్పటికే ఆ పొరలు 100 కోట్ల ఏళ్లకు దగ్గరవని రాతి వయసు పట్టిచ్చే జిర్కాన్ అనే ఖనిజ స్ఫటికాల లెక్కలు, రాతిలో మిగిలిన అయస్కాంత దిశ లెక్కలు గట్టిగా చెబుతున్నాయి. వంద కోట్ల ఏళ్ల రాతిలో డికిన్సోనియా కనబడిందంటే మొదట మన కళ్లనే అనుమానించాలి.

రాతిపిచ్చోడు:
అలా అయితే కొత్తది ఎప్పటికీ దొరకదు కదండీ! రాతి వయసు ముందే తేల్చేసి, దానికి సరిపడని జీవి కనబడితే 'కాదు' అనేయడమేనా? 1998లో భూవిజ్ఞాని రఫత్ అజ్మీ గారికి జరిగిందేంటి? దిగువ వింధ్య శిలల్లో చిన్న చిన్న శిలాజాలు దొరికాయంటే వేరేవాళ్లు వెళ్లి వెతికి 'మాకు దొరకలేదు' అన్నారు. ఆయన్నే అనుమానించారు.

భూగర్భశాస్త్రం చెప్పే టీచర్:
మీరు ఎంచుకున్న ఉదాహరణ మంచిదే, కానీ అది మీ వాదనకే అడ్డం వస్తుంది. 2009లో స్టాక్‌హోమ్‌కు చెందిన స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందం చిత్రకూట్ దగ్గర్నుంచి అవే దిగువ వింధ్య రాళ్లు తెచ్చి, ఎక్స్-రే కిరణాలతో లోపలికంటా చూసింది. శిలాజాలు నిజమేనని తేలింది. కాబట్టి అజ్మీ గారు అబద్ధం చెప్పలేదు. కానీ వాటిని బట్టి ఆయన ఆ రాళ్లు కేంబ్రియన్ నాటివన్నారు, అంటే 54 కోట్ల ఏళ్ల దగ్గర. లెక్క తీస్తే 160 కోట్లు! వంద కోట్ల ఏళ్ల తేడా.

ఆ తేడాయే అసలు బంగారం. 2017లో వాటిలో కొన్నింటిని ఎర్ర శైవలాలుగా, అంటే ఒక రకం నాచుగా, గుర్తించారు. ఒకదానికి ఆయన పేరుమీదే 'రఫతాజ్మియా చిత్రకూటెన్సిస్' అని పెట్టారు. అవి నిజంగా ఎర్ర శైవలాలేనా అన్నది ఇంకా తేలలేదు, అది వేరే గొడవ. కానీ వయసు సరిచేయకపోయుంటే అవి కేంబ్రియన్ గుంపులో ఏదో ఒకటిగా ఉండిపోయేవి.

బండల వ్యాపారి:
మేడమ్, మా పక్కనే కడప జిల్లా వేంపల్లెలో రాళ్ల మీద గుండ్రటి వలయాలు, క్యాబేజీని అడ్డంగా కోసినట్టు ఉంటాయి. 'సూక్ష్మజీవులు కట్టినవి' అంటారు. తేనెపట్టు కథ విన్నాక వాటి మీదా టెన్షన్ పట్టుకుంది.

భూగర్భశాస్త్రం చెప్పే టీచర్:
అవి స్ట్రోమటోలైట్లు. అక్కడ నాకు అనుమానం లేదు, ఎందుకంటే వాటి ఆకారం ఒక్కటే చూసి చెప్పట్లేదు. ఆ వలయాలున్న వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) పైన తాడిపత్రి పొరలున్నాయి. ఆ పొరల్లోకి పులివెందుల దగ్గర కరిగిన శిలాద్రవం చొరబడి గట్టిపడింది. దాని వయసు 188.5 కోట్ల ఏళ్లు. పై పొరల్లోకి చొచ్చుకొచ్చినదే అంత పాతదైతే కింది డోలమైట్ ఇంకా పాతదే అవ్వాలి. చూడండి, వయసు చెప్పడానికి ఇక్కడ వలయాలతో పనే లేదు.

రాతిపిచ్చోడు:
ఒప్పుకుంటున్నాను, సగం. వయసు వేరే దారిలో తేలాలి, నిజమే. కానీ రెటాలాక్ తప్పు ఒప్పుకున్నారని కొందరు మెచ్చుకుంటున్నారు చూడండి, ఆ మాట నేననను. పక్కనే కొత్త తేనెపట్లు వేలాడుతుంటే అప్పుడే నిచ్చెన తెప్పించుకుని ఉండాల్సింది.

బండల వ్యాపారి:
నిచ్చెన ఎక్కితే కొండతేనెటీగలు ఊరుకుంటాయా అన్నా! సరే గానీ మేడమ్, వలయాలున్న రాయి దొరికితే నేనెలా చూసుకోవాలి?

భూగర్భశాస్త్రం చెప్పే టీచర్:
నిలువుగా కోయించండి, నీళ్లు చల్లి చూడండి. పైన కనబడే గుండ్రం లోపలికి కూడా దిగాలి. ఒకదాని మీద ఒకటి సన్నటి పొరలు, గొడుగులు పేర్చినట్టు పైకి ఉబ్బి ఉండాలి. గుండ్రం పైపైనే ఉండి లోపల ఉత్త రాయే ఉంటే మీ పూజగది కస్టమర్లకే ఇచ్చేయండి.

బండల వ్యాపారి:
సోమవారం కటింగ్ మిషన్ ఖాళీగా ఉంటుంది. కోయించి ఫొటో పెడతాను.