వంద మీటర్లు ఉరికే బిడ్డ మంచు మీద స్కెలిటన్ ఆడతానంటున్నది. మూడు లక్షలు కట్టమంటున్నరు, కట్టాల్నా?

దేవరకొండ నాన్న:
మాది దేవరకొండ దిక్కు. బిడ్డ ఇంటర్ ఫస్టియర్, నల్లగొండల హాస్టల్‌ల ఉండి చదువుతది. వంద మీటర్లు, లాంగ్ జంప్. జిల్లా మీట్‌ల ఎప్పుడూ ఏదో ఒక మెడల్ తెస్తది. రాష్ట్రం మీట్‌కు పోతే ఫైనల్ దాకా పోయి ఆగుతది. మొన్న దసరాకు ఇంటికొచ్చి ఫోన్‌ల ఒక వీడియో చూపెట్టింది. కొరియా పిలగాడు, ఐరన్ మ్యాన్ హెల్మెట్ పెట్టుకున్నడు. చిన్న స్లెడ్డు (మంచు మీద జారే బండి) మీద బోర్లా పండుకొని, తల ముందర పెట్టి మంచు కాల్వల దూసుకపోతున్నడు. "బాపూ, నేను గీ ఆట ఆడుతా" అన్నది. నవ్వి ఊకున్న. తెల్లారి కూడా అదే మాట.

హైదరాబాద్‌ల ఒకాయన నంబరు ఆమె దోస్తు ఇచ్చిందట. ఫోన్ చేస్తే యూరప్‌ల ట్రైనింగ్, ఇండియా టీంల సెలక్షన్ గ్యారంటీ, మూడు లక్షలు, సగం ముందే కట్టాలె అన్నడు. పత్తి మీద బతికేటోన్ని. బిడ్డ మనసు విరగ్గొట్టబుద్ధి అయితలేదు, పైసలు కట్టనీకి ధైర్యం చాలుతలేదు. ఈ ఆటల గెలిచినోళ్లు అసలు ఎట్ల మొదలువెట్టిన్రు? తెలిసినోళ్లు చెప్పున్రి.

మిర్యాలగూడ శీను:
అన్నా, మన జిల్లాల మంచు అంటే గోలా బండి కాడ దొరికేదే. ఏప్రిల్ల అది కూడా రోడ్డు మీద పడకముందే కరుగుతది. పైసలైతే కట్టకు.

పాలమూరు పీఈటీ (రిటైర్డ్):
తమ్మీ, ముందుగాల పైసల సంగతి. ఒక్క రూపాయి ఇయ్యకు. సెలక్షన్ గ్యారంటీ అన్నోడు ఏ ఆటలనైనా దొంగనే. నేను సర్వీసంతా గ్రౌండ్ల మీదనే గడిపిన, ఆ మాట చెప్పిన మంచి కోచ్‌ను ఒక్కణ్ని చూడలే.

ఇగ నువ్వు అడిగిన దానికి వస్తా. ఈ ఆటల పేరు తెచ్చుకున్నోళ్లల చాలామంది నీ బిడ్డ లెక్కనే వేరే ఆట నుంచి వచ్చినోళ్లు. చిన్నప్పటి సంది మంచుల పెరిగినోళ్లు గాదు.

లిజ్జీ యార్నాల్డ్ అని ఇంగ్లండ్ అమ్మాయి ఉన్నది. 1988ల పుట్టింది. ఆమెది హెప్టాథ్లాన్, అంటే హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, జావెలిన్ అన్నీ కలిపి ఏడు ఈవెంట్లు. 2008ల అక్కడి సర్కారు క్రీడా సంస్థ గర్ల్స్ ఫర్ గోల్డ్ అని ఒక వెతుకులాట పెట్టింది. ఏ ఆటల ఉన్న ఆడపిల్లయినా సరే, వచ్చి టెస్టులు ఇయ్యాలె. ఉరుకుడు, ఎగురుడు, బలం కొలిచి, ఈ పిల్లకు స్కెలిటన్ సరిపోతదని వాళ్లే తేల్చిన్రు. అప్పటికి ఆమెకు ఇరవై దగ్గరవడ్డయి. ఆరేండ్లు తిరగకముందే 2014 సోచిల ఒలింపిక్ గోల్డ్, రెండో ఆమె కంటే 0.97 సెకన్ల ముందు. ఈ ఆటల సెకన్ల నూరో వంతు కాడ మెడళ్లు మారుతయి, అందుకని అది మస్తు పెద్ద తేడా. మర్సటేడు ప్రపంచ ఛాంపియన్. ఆ తర్వాత అలసిపోయి ఒక సీజన్ మొత్తం ఆట బంద్ పెట్టి ఇంట్ల కూసున్నది. నాకు ఆ ముచ్చటనే అన్నిటికంటె నచ్చింది. మన దగ్గర పిల్లలను ఒక్క వారం వదలరు.

ఇంకొక మాట, బ్రిటన్‌ల స్కెలిటన్ ఆడేటందుకు మంచు ట్రాకే లేదు! బాత్ యూనివర్సిటీల ఒక కాంక్రీటు వాలు ఉంటది, దాని మీద పట్టాలు, ఆ పట్టాల మీద చక్రాల స్లెడ్డు. స్టార్ట్ ఒక్కటే అక్కడ ప్రాక్టీసు చేస్తరు. అసలు మంచుకు వేరే దేశాలు పోవాలె.

నీ బిడ్డ చూసిన కొరియా పిలగాడు యూన్ సుంగ్-బిన్. 2012ల హైస్కూల్ల ఉండంగ వాళ్ల పీఈటీ సారు ఈ ఆటకు పంపిండు (పీఈటీలను ఎవరు యాది చేస్తరు చెప్పు, అందుకే నాకు ఆ పిలగాడంటే ప్రేమ). రెండేండ్లకే సోచిల 16వ స్థానం. 2018ల సొంత దేశం, ప్యాంగ్‌చాంగ్‌ల గోల్డ్. రెండో వాని కంటె 1.63 సెకన్ల ముందు. ఒలింపిక్ స్కెలిటన్‌ల అంత తేడాతోని అప్పటిదాక ఎవరూ గెలవలే.

ఎందుకు ఉరికేటోళ్లకే ఈ ఆట వస్తది అంటే, స్టార్ట్ చూడు. స్పైక్స్ బూట్లు ఏసుకొని, నడుము వంచి, చేతితోని స్లెడ్డు పట్టుకొని నూకుకుంట, ముప్పై నలభై మీటర్లు ఫుల్ స్పీడ్‌ల ఉరకాలె. ఆ ఉరుకుల మీదనే స్లెడ్డు మీద బోర్లా వడాలె. గడ్డం మంచుకు అంగుళాల మీద ఉంటది. ఇగ బ్రేకు లేదు, స్టీరింగు లేదు. భుజం ఒకదిక్కు నొక్కుడు, మోకాలు ఒకదిక్కు నొక్కుడు, మరీ తప్పితే కాలి బొటనవేలు మంచుకు తాకిచ్చుడు. స్పీడు గంటకు 130 కిలోమీటర్ల దాకా పోతది. మలుపుల్ల తలకాయ కిందికి గుంజుతది, మెడ బలం లేకుంటె లేవది. మొదట్ల పోయిన నూరో వంతు కిందికొచ్చేసరికి రెండింతలు మూడింతలైతది. అందుకనే అక్కడి కోచ్‌లు స్ప్రింటర్ల కోసం, జంపర్ల కోసం వెతుకుతరు. 2018ల నైజీరియా తరఫున దిగిన సిమిడెలె అడెయాగ్బో అంతకుముందు ట్రిపుల్ జంపరే.

ఒలింపిక్స్‌ల రెండు రోజులు, నాలుగు రౌండ్లు, టైములన్ని కలుపుతరు. 2018ల యార్నాల్డ్‌ది ఆ లెక్కనే చూడు. ఛాతీల ఇన్ఫెక్షన్, ఊపిరి సరిగ ఆడుతలేదు, తల తిరుగుతున్నది, ఆడాల్నా వద్దా అన్న కాడికి వచ్చింది. మూడు రౌండ్లైనంక ఆస్ట్రియా ఆమె యానీనె ఫ్లోక్ 0.02 సెకన్లు ముందున్నది. ఆఖరి రౌండ్ల యార్నాల్డ్ 51.46 కొట్టింది, ట్రాక్ రికార్డు. ఫ్లోక్ నాలుగో స్థానానికి జారింది, మెడలే లేదు! స్కెలిటన్‌ల వరుసగ రెండు ఒలింపిక్ గోల్డులు అంతకుముందు ఎవరికీ లేవు. అదే ఏడు అక్టోబర్ల రిటైరైంది, ముప్పై నిండకముందే.

జడ్చర్ల వెంకట్:
సారు చెప్పింది కరెక్టు. మన దేశంల ఇసొంటి ట్రాక్ ఒక్కటి కూడా లేదన్నా. మనాలి పక్కన వశిష్ఠ్ ఊరి శివ కేశవన్ ఉన్నడు గదా, ఆయనది లూజ్, అంటే వెల్లకిల పండుకొని కాళ్లు ముందర పెట్టి పోయేది. 1998 సంది 2018 దాక ఆరు ఒలింపిక్స్ ఆడిండు. ట్రాక్ లేక, స్లెడ్డుకు చక్రాలు పెట్టి ఘాట్ రోడ్ల మీద లారీల నడుమ ప్రాక్టీసు చేసిండు. ఆసియా గోల్డులు కొట్టినా స్పాన్సర్ల కోసం తిరుగుతనే ఉన్నడు. ఆ ఖర్చు పత్తి రైతుకు ఎక్కడ కుదురుతది?

దేవరకొండ నాన్న:
సారూ, చదివినంక బిడ్డకు కూడా వినిపించిన. మా ఇంటామె అడుగుతున్నది, పానం మీదికి వస్తదా అని. వయసు దాటిపోతదా అనేది బిడ్డ అడిగే ముచ్చట.

పాలమూరు పీఈటీ (రిటైర్డ్):
చెల్లెకు ఉన్నదున్నట్టు చెప్పు. దెబ్బలు తాకుతయి. అమెరికా ఆమె నోయెల్ పైకస్-పేస్‌కు 2005ల బాబ్‌స్లెడ్డు (మనుషులు లోపల కూసుని పోయే పెద్ద మంచు బండి) వచ్చి గుద్ది కాలు విరిగింది. దాంతోని 2006 ఒలింపిక్స్ పోయినయి, 2010ల నాలుగో స్థానం, 2014ల యార్నాల్డ్ ఎనుక సిల్వర్. 2010ల వ్యాంకూవర్ ఒలింపిక్స్‌కు ముందు ట్రైనింగ్‌ల జార్జియా లూజ్ పిలగాడు నోదార్ కుమారితాష్విలి చనిపోయిండు. ఇవి దాచి బిడ్డను పంపొద్దు.

వయసుకు తొందరేం లేదు. కెనడా ఆయన డఫ్ గిబ్సన్ 2006ల గోల్డ్ గెలిచినప్పుడు 39 ఏండ్లు. నీ బిడ్డకు ఇంకా ఐదారేండ్లు వంద మీటర్లే ఉరకనీ, అదే ఈ ఆటకు కూడా తయారీ.

వట్టిగ ఉండలేనంటే ఈ పని చెయ్యమను. నల్లగొండల ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు పొద్దుగాల ఆరుకు ముందే పోవాలె, తర్వాత ఎండ నిలవనియ్యది. ముప్పై మీటర్లు సున్నంతోని గీత గీసి, మొదట మామూలుగ ఉరికి టైం రాసుకోవాలె. తర్వాత నడుము వంచి, బస్తాల ఇసుక పోసి పాత టైరుకు కట్టి, దాన్ని నూకుకుంట అదే ముప్పై మీటర్లు. రెండు టైములకు నడుమ తేడా చూస్తే తెలుస్తది. వంగినప్పుడు స్పీడు తక్కువ తగ్గితే ఆ పిల్లకు బలం ఉన్నట్టు. లాంగ్ జంప్ మాత్రం ఆపొద్దు, దాంట్ల వచ్చే కాలి పుష్ దేనికీ రాదు.

దేవరకొండ నాన్న:
సారూ, మళ్ల ఫోన్ చేసి ట్రైనింగ్ ఏ ట్రాక్ మీద అని అడిగిన. మొదట యూరప్ అన్నడు. ఊరి పేరు చెప్పమంటే మనాలి అన్నడు, ఆడనే మంచు మీద అన్నడు.

పాలమూరు పీఈటీ (రిటైర్డ్):
మనాలిల మంచు ఉంటది, ట్రాక్ ఉండది. ఆ నంబరు తీసెయ్యి. ముప్పై మీటర్ల టైములు రెండూ వచ్చినంక ఇక్కడనే రాయి తమ్మీ, గాలి ఎటు దిక్కు ఉన్నదో కూడా రాయమను.