పండుగప్పకి బ్రెయిడ్ దారం: 4 పేటలా, 8 పేటలా?

మైపాడు గాలం:
అన్నలారా, నాది 8 అడుగుల రాడ్, 4000 సైజు రీలు. ఇన్నాళ్లూ 0.35 మిల్లీమీటర్ల నైలానే వాడినా. బకింగ్‌హామ్ కాలవ వంతెనల దగ్గర పండుగప్పకి, మైపాడు ఒడ్డున అలల్లోకి 20–30 గ్రాముల లూర్ (ఉత్తుత్తి ఎర) విసరడానికి బ్రెయిడ్ (సన్న పేటలు అల్లిన దారం) కొందామనుకుంటున్నా. 4 పేటలది, 8 పేటలది రెండూ దొరుకుతున్నాయి. ఏది తీసుకోను, ఎన్ని పౌండ్ల బలంది? ఇప్పుడున్న నైలాన్ ఎంత లావో బ్రెయిడ్ కూడా అంత ఉండాలా?

పెన్న మొగ:
లావు సమానంగా చూడబాక తమ్ముడూ. 0.35 బ్రెయిడ్ వేస్తే 50 పౌండ్లు దాటిపోద్ది, విసురు సగానికి పడిపోద్ది. నీ పనికి 0.23 చాలు. జపాన్ వాళ్ల లావు లెక్కలో అది పీఈ 2, పెట్టె మీద సుమారు 30 పౌండ్లు అని ఉంటది.

అయితే పెట్టె మీది అంకె చూసి కొనబాక. చవక సరుకు మీద ‘0.16, 40 పౌండ్లు’ అని ఉందంటే రెండిట్లో ఒకటి అబద్ధం, ఎక్కువగా లావే. పెన్సిల్ మీద 20 చుట్లు పక్కపక్కనే ఆనించి చుట్టి స్కేలు పెట్టు. 5 మిల్లీమీటర్లు వస్తే దారం 0.25. మరీ బిగించి చుట్టినా దారం చదునై లెక్క తప్పుద్ది.

పేటలంటావా, 8 పేటలది నున్నగా, చప్పుడు లేకుండా దూరం పోద్ది. కానీ అదే లావులో ఒక్కో పేట సన్నం, స్తంభానికి పట్టిన ఆల్చిప్ప గీరితే ముందు అదే పోద్ది. ఒక్కటే కొనాలంటే నేనైతే 4 అంటా.

కొత్తపట్నం ఒడ్డు:
ఇక్కడ ఒప్పుకోను అన్నా. బ్రెయిడ్ ఏదైనా ఆల్చిప్పకి ఆగదు, 4 పేటలదైనా. రాపిడి తినాల్సింది లీడర్, అంటే బ్రెయిడ్‌కీ గాలానికీ మధ్య కట్టే దారం. 8 పేటలదే తీసుకుని, ముందు బారెడు పొడవున 40 పౌండ్ల నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ కట్టమను. పండుగప్ప మొప్పల మూత అంచు బ్లేడు లాంటిది, లీడర్ లేకపోతే చేప ఒక్కసారి తల విదిలిస్తే చాలు.

బ్రెయిడ్‌కి లీడర్ కలపడానికి ఎఫ్‌జీ అనే ముడి వెయ్యి. లీడర్ బిగుతుగా పట్టుకుని బ్రెయిడ్‌ని పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి, మొత్తం 20 చుట్లు. రెండు దారాలూ కలిపి రెండు సగం ముడులు వేసి, తడిపి, గట్టిగా లాగాలి. అప్పుడు చుట్లు లీడర్‌లోకి దిగి బ్రెయిడ్ రంగు ముదురుద్ది. రంగు మారలేదంటే ముడి కూర్చోలేదు, చేప పడ్డప్పుడు జారుద్ది. ఆ తర్వాతే లీడర్ కొస కత్తిరించి, దాని మీద ఇంకో ఐదారు సగం ముడులు.

మైపాడు గాలం:
8 పేటలదే 150 మీటర్లు తెచ్చి చుట్టేసినా. ఇప్పుడు రెండు ఇబ్బందులు. డ్రాగ్ (చేప లాగితే రీలు దారం వదిలే బిగువు) ఎంత బిగించినా చేప లాగితే దారం పోతానే ఉంది. విసిరితే ఒక్కోసారి గుత్తిగా ఊడి రాడ్ మీది గైడ్ రింగులో ఇరుక్కుంటోంది.

పెన్న మొగ:
మొదటిది డ్రాగ్ తప్పు కాదు. బ్రెయిడ్ జారుడు, స్పూలు (రీలులో దారం చుట్టుకునే భాగం) లోహం. దారం మొత్తం ఒక ముద్దగా స్పూలు మీద తిరుగుతా ఉంది. కింద నైలాన్ ఉండాలి. ఎంత అని ఊహించే పని లేదు: ముందు బ్రెయిడ్ చుట్టు, దానికి నైలాన్ ముడేసి స్పూలు అంచుకి 2 మిల్లీమీటర్లు తక్కువ దాకా నింపు. ఆ మొత్తాన్ని ఒక ఖాళీ బాబిన్ మీదకి, దాన్నుంచి ఇంకో బాబిన్ మీదకి, అక్కణ్నుంచి రీలు మీదకి తెచ్చుకో. నైలాన్ అడుక్కి పోద్ది. ఒక్క బాబిన్‌తో సరిపెడితే మళ్లీ బ్రెయిడే అడుగున పడుద్ది, చూసుకో.

చుట్టేటప్పుడు తడిగుడ్డ మధ్య దారం పట్టుకుని బిగుతుగా చుట్టాలి. వదులుగా చుట్టినందుకే గుత్తులు. ఇంకో కారణం, విసిరినాక హ్యాండిల్ తిప్పి బెయిల్ (రీలు మీద దారాన్ని పట్టే వంపు తీగ) మూయడం. చేత్తో మూసి, దారం ఒకసారి లాగి, అప్పుడు తిప్పు. సాయంత్రం సముద్రపు గాలికి ఇది మరీ ముఖ్యం.

కొత్తపట్నం ఒడ్డు:
డ్రాగ్ చేతి అంచనాతో పెట్టబాక. స్ప్రింగ్ కాటాకి దారం కట్టి లాగు, 30 పౌండ్ల దారానికి మూడున్నర కిలోల దగ్గర జారాలి. బ్రెయిడ్ సాగదు, అంతకన్నా బిగిస్తే గాలం చేప నోరు చీల్చుకుని వచ్చేస్తది. గాలం రాయికి పట్టుకుంటే దారాన్ని చేతికి చుట్టి లాగబాక, వేలు ఎముక దాకా తెగుద్ది. ఏదైనా కర్రకి నాలుగు చుట్లు వేసి లాగు.

సోమశిల వైపు:
ఎవరైనా ఇది చదివి చెరువులో కొరమీనుకి కూడా ఇదే వేస్తారేమో, వద్దు. తామరాకుల్లోంచి చేపని ఈడ్చాలంటే 50 పౌండ్ల 4 పేటలదే. అక్కడ గరుకుదనమే కాడల్ని కోస్తది.